ఆస్పత్రులు కోలుకున్నాయి – మరి మీ గుండె?

“కరోనా పోయి ఏళ్లయింది గదా డాక్టరుగారూ! ఇంకా ఆ కబుర్లెందుకండీ?” అన్నారు మొన్న ఒక పెద్దమనిషి నవ్వుతూ.

ఆయన నాకు కొత్తవారు కాదు. రక్తపోటు ఉంది. 2020 మార్చి దాకా నెలనెలా వచ్చి చూపించుకునేవారు. ఆ తర్వాత మళ్లీ నా గుమ్మం తొక్కింది మొన్ననే! ఇన్నేళ్లూ, నేను అప్పుడెప్పుడో రాసిచ్చిన చీటీనే మందుల షాపులో చూపించి మాత్రలు కొనుక్కుంటున్నారట. చీటీలో రెండు రకాల మాత్రలుంటే ఒకటి లాక్‌డౌన్‌లో దొరకలేదని మానేశారు. దొరకడం మొదలయ్యాక కూడా మళ్లీ వేసుకోలేదు. “బాగానే ఉంది కదా అని ఊరుకున్నానండీ” అన్నారు. బి.పి. చూస్తే 190/110!

కరోనా పోయిందన్న మాట ఒక విధంగా నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న ప్రకటించిన అత్యవసర పరిస్థితిని 2023 మే 5న ఎత్తివేసింది. కరోనా వార్డులు మళ్లీ మామూలు వార్డులయ్యాయి. గుండె ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఇంకేం, అంతా సర్దుకున్నట్టే కదా అనిపిస్తుంది.

కాని గుండె వైద్యం అంటే ఆపరేషన్ ఒక్కటే కాదు. అందులో మూడు భాగాలున్నాయి. ఒకటి, గుండెపోటు వచ్చిన వెంటనే చేసే అత్యవసర వైద్యం. రెండు, ముందుగా రోజు నిర్ణయించుకుని చేసే పరీక్షలూ ఆపరేషన్లూ. మూడు, నెలకో మూడు నెలలకో ఒకసారి వెళ్లి చూపించుకుని మందులు సరిచేయించుకోవడం. మహమ్మారి ఈ మూడింటినీ దెబ్బతీసింది. మొదటిది కొన్ని నెలల్లో లేచి నిలబడింది. రెండోది పడుతూ లేస్తూ ఏళ్లు తీసుకుంది. మూడోది చాలా ఇళ్లలో ఇప్పటికీ మంచం దిగలేదు! ఆ మూడో భాగం డాక్టర్ల చేతుల్లో కన్నా మీ చేతుల్లోనే ఎక్కువగా ఉంది. అందుకే ఈ వారం ఈ కబుర్లు.

గుండెపోట్లు ఎటు పోయాయి?

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. ఆ మొదటి వారాల్లో మా వార్డు చూస్తే నాకే ఆశ్చర్యం వేసేది. ఎప్పుడూ ఖాళీ దొరకని మంచాలు సగం ఖాళీ! “గుండెపోట్లు కూడా ఇంట్లోంచి బయటకు రావడం లేదేమో సార్!” అని నర్సమ్మలు హాస్యమాడేవారు. రోడ్ల మీద పొగ లేదు, ఆఫీసు హడావిడి లేదు, హోటలు తిండి లేదు. బహుశా జబ్బే తగ్గిందేమోనని డాక్టర్లలో కూడా కొందరు అనుకున్నారు.

మా ఊరి సంగతి అలా ఉంచండి. ప్రపంచమంతా ఇదే తంతు. ఉత్తర ఇటలీలోని 15 ఆస్పత్రుల్లో లెక్క తీశారు. 2020 ఫిబ్రవరి 20 నుంచి మార్చి ఆఖరు వరకు గుండెపోటు, దానికి దగ్గరి స్థితులతో రోజుకి సగటున 13 మంది చేరారు. అంతకు ముందు సంవత్సరం అవే రోజుల్లో ఆ సంఖ్య దాదాపు 19. ఇంగ్లండులో 2019లో వారానికి సగటున 3,017 మంది చేరేవారు. 2020 మార్చి ఆఖరుకి అది 1,813కి పడిపోయింది.

మన దేశం మాటేమిటి? కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారు 187 ఆస్పత్రుల వివరాలు సేకరించారు. 2019లో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు ఆ ఆస్పత్రుల్లో గుండెపోటుతో చేరినవారు 25,414 మంది. 2020లో సరిగ్గా అవే మూడు నెలల్లో చేరినవారు 16,418 మంది. అంటే నూటికి 35 మంది తగ్గిపోయారు.

ఆ తగ్గిన తొమ్మిది వేల మంది ఎక్కడికి పోయినట్టు? వాళ్లందరికీ ఉన్నట్టుండి గుండె బాగుపడిందా? లేదు. ఎక్కువమంది ఇంట్లోనే ఉండిపోయారు. కొందరు గాస్ నొప్పి అనుకున్నారు. కొందరికి బండి దొరకలేదు. కొందరు దారిలో పోలీసులు ఆపుతారని భయపడ్డారు. అందరికంటే ఎక్కువమందిని ఆపింది మాత్రం ఆస్పత్రికి వెళితే కరోనా అంటుకుంటుందన్న భయం.

ఆ రోజుల్లో ఒక రైతును మంచం మీద మోసుకొచ్చారు. యాభై అయిదేళ్లుంటాయి. ఛాతీ నొప్పి వచ్చింది సోమవారం రాత్రి. నా దగ్గరకి వచ్చింది గురువారం ఉదయం. “ఇంగువ నీళ్లిచ్చాం బాబూ, వాము నమిలించాం. కాస్త తగ్గిందన్నాడు. ఆస్పత్రికి తీసుకెళితే కరోనా అని పట్టుకుపోతారు, మళ్లీ మనిషిని చూడనివ్వరు అన్నారంతా” అంది ఆయన భార్య ఏడుస్తూ. ఆమెను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఊరంతా అనుకున్న మాటే ఆమె అన్నది. ఆ మనిషి బ్రతికాడు. కాని ఆయన గుండె కండరంలో పెద్ద భాగం అప్పటికే చచ్చిపోయింది. ఇప్పుడు పొలం గట్టు దాకా నడవలేడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కౌలుకిచ్చేసి అరుగు మీద కూర్చుంటున్నాడు.

గుండెకి రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడితే వచ్చేది గుండెపోటు. గడ్డ పడిన క్షణం నుంచీ కండరం కొంచెం కొంచెంగా చనిపోతూ ఉంటుంది. కొత్తిమీర మడిలో నీళ్లు కట్టేస్తే ఒక మూలనుంచి వాడుతూ వచ్చినట్టు! గడ్డను త్వరగా కరిగిస్తే మిగిలిన భాగం దక్కుతుంది. 1986లోనే ఇటలీ వైద్యులు 11,806 మంది రోగులమీద ఈ సంగతి రుజువు చేశారు. నొప్పి మొదలైన మొదటి గంటలోపల గడ్డ కరిగించే ఇంజక్షను ఇచ్చినవారికి జరిగిన మేలు, ఆలస్యంగా ఇచ్చినవారికి జరగలేదు.

మరి 2020లో ఏమైంది? హాంకాంగ్‌లో ఒక ఆస్పత్రివారు లెక్కించారు. కేసులు కొద్దివే. అయినా చూడండి: నొప్పి మొదలై డాక్టరు దగ్గరకి చేరడానికి మామూలు రోజుల్లో పట్టే కాలం 82 నిమిషాలైతే, కరోనా మొదలయ్యాక 318 నిమిషాలు పట్టింది. అయిదు గంటల పైమాట! ఇటలీలో 54 ఆస్పత్రుల్లో మార్చి నెలలో ఒక వారం లెక్క చూస్తే, తీవ్రమైన గుండెపోటుతో చేరినవారిలో మరణాలు నూటికి 4 నుంచి దాదాపు 14కి పెరిగాయి. వచ్చినవారు తగ్గారు, వచ్చినవారిలో చనిపోయినవారు పెరిగారు.

ముందుగా తెరుచుకున్న తలుపు

అత్యవసర వైద్యం ముందుగా కోలుకుందన్నాను గదా. ఎలా కోలుకుందో చెబుతాను. ఇది మీరు తెలుసుకుని ఉండటం మంచిది.

మొదట చాలా ఆస్పత్రులు ఒక గుమ్మాన్ని రెండు గుమ్మాలు చేశాయి. జ్వరం, దగ్గు ఉన్నవారు ఒక దారి. లేనివారు ఇంకో దారి. గుండెపోటు రోగి కరోనా పరీక్ష ఫలితం కోసం కూర్చుంటే ఇక్కడ కండరం చచ్చిపోతుంది. అందుకని ప్రతి గుండెపోటు రోగికీ కరోనా ఉన్నట్టే భావించి, డాక్టర్లూ నర్సులూ ఆపాదమస్తకం కప్పుకునే ఆ తెల్లని సూట్లు వేసుకుని వెంటనే వైద్యం మొదలుపెట్టారు. మన వేసవిలో ఆ సూటు లోపల చెమటతో కళ్లద్దాలు మసకబారి సూది గుచ్చడానికి నరం కనిపించేది కాదు!

రెండోది, పాత మందు మళ్లీ అక్కరకొచ్చింది. చేతి నాళంలోంచో తొడ నాళంలోంచో సన్నని గొట్టం పంపి, బెలూన్‌తో అడ్డు తొలగించి స్టెంటు పెట్టడం మెరుగైన వైద్యం. కాని దానికి ప్రత్యేకమైన గది కావాలి, అయిదారుగురు మనుషులు కావాలి. అందులో ఒక్కరికి కరోనా వస్తే మిగతావారంతా ఇంటి పట్టున కూర్చోవలసిందే. అందుకని గడ్డ కరిగించే ఇంజక్షను ముందు ఇవ్వవచ్చునని మొదట చైనా వైద్యులు, తర్వాత మన దేశంలోని గుండె వైద్యుల సంఘాలు సలహా ఇచ్చాయి. నేను హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల్లో స్ట్రెప్టోకైనేజ్ అనే ఇంజక్షను కొత్తగా వస్తే వింతగా చూశాం. మళ్లీ ఇన్నేళ్లకి అదే జాతి మందు, జిల్లా ఆస్పత్రుల్లో ఎందరి ప్రాణాలో నిలబెట్టింది.

మూడోది టెలిఫోను. ఫోనులో వైద్యసలహా ఇవ్వవచ్చా లేదా అన్న సందేహం మా డాక్టర్లకి ఎప్పటినుంచో ఉండేది. కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి 25న, అంటే లాక్‌డౌన్ మొదలైన రోజునే, దానికి నిబంధనలు విడుదల చేసింది. ఆ తర్వాత పల్లెలో తీసిన ఇ.సి.జి. ఫొటో వాట్సాప్‌లో నా దగ్గరకి రావడం, “ఇది గుండెపోటే, వెంటనే పంపండి” అని నేను చెప్పడం నిమిషాల పని అయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 జూలై 1న 108, 104 సర్వీసులకి 1,088 కొత్త వాహనాలు రోడ్డెక్కించింది.

ఇవన్నీ ఆపద కాలంలో చేసుకున్న ఏర్పాట్లు. అయితే మంచి ఏర్పాటు ఆపదతోపాటు పోకూడదు. చిన్న ఆస్పత్రిలోనే ఇ.సి.జి. తీసి, పెద్ద ఆస్పత్రిలోని నిపుణుడికి పంపి, ఆయన సలహాతో గడ్డ కరిగించే ఇంజక్షను అక్కడే ఇచ్చి, ఆ తర్వాత రోగిని పెద్ద ఆస్పత్రికి పంపే పద్ధతిని తమిళనాడులో మహమ్మారికి ముందే పరీక్షించి చూశారు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో కూడా భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో ఇలాంటి పథకం మొదలైంది. వేలకు వేలు ఖరీదు చేసే ఆ ఇంజక్షను ప్రభుత్వాస్పత్రిలో ఉచితంగా ఇస్తారు. మీకు దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఈ సదుపాయం ఉందో ఇప్పుడే కనుక్కుని ఉంచుకోండి. నొప్పి వచ్చాక వాకబు చేయడం అంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే!

ఇంగ్లండులో 2020 మే ఆఖరుకల్లా గుండెపోటు రోగుల సంఖ్య వారానికి 2,522కి పెరిగింది. పూర్వస్థితికి ఇంకా ఆరోవంతు తక్కువే. అయినా జనం మళ్లీ ఆస్పత్రికి రావడం మొదలుపెట్టారని అర్థం. తలుపు తెరిచి ఉంచడం ఒక ఎత్తు, తెరిచి ఉందని జనానికి నమ్మకం కలిగించడం ఇంకో ఎత్తు.

పడుతూ లేస్తూ ఆపరేషన్లు

ఇక రెండో భాగం. ముందుగా నిర్ణయించుకుని చేసే ఆంజియోగ్రామ్‌లు, బైపాస్‌లు, కవాటాల మార్పిడి, పేస్‌మేకర్లు, పిల్లల గుండెలో రంధ్రాలు మూయడం – వీటిని 2020 వేసవిలో దాదాపు అంతటా వాయిదా వేశారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వారు 108 దేశాల్లోని 909 కేంద్రాలను అడిగి చూశారు. 2019 మార్చితో పోలిస్తే 2020 ఏప్రిల్‌లో గుండె పరీక్షలు నూటికి 64 వంతులు తగ్గిపోయాయి. అంటే మూడు పరీక్షలు జరగవలసిన చోట ఒకటే జరిగింది.

ఏడాది తర్వాత మళ్లీ అడిగితే, సంపన్న దేశాలు ఇంచుమించు పూర్వస్థితికి వచ్చేశాయి. ఆదాయం తక్కువ ఉన్న దేశాలు మాత్రం సగం కూడా కోలుకోలేదు. మన దగ్గర 2021 ఏప్రిల్, మే నెలలు ఎవరు మరిచిపోగలరు? అప్పుడప్పుడే ఆపరేషన్లు ఊపందుకుంటూండగా రెండో అల వచ్చింది. ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం రోడ్లమీద పరుగెత్తుతూంటే, గుండె ఆపరేషను తర్వాత రోగిని ఉంచే మంచమూ వెంటిలేటరూ ఎక్కడినుంచి వస్తాయి? మళ్లీ వాయిదాలు. 2022 జనవరిలో మూడో అల. అప్పటికి చాలామంది టీకాలు వేయించుకున్నారు. స్టాఫ్‌లో సగంమంది జ్వరాలతో పడకేసినా థియేటర్ల తలుపులు మూయలేదు. ఇలా కోలుకోవడం అనేది మెట్లెక్కినట్టు జరగలేదు. వైకుంఠపాళిలా జరిగింది. నిచ్చెన ఎక్కడం, పాము నోట్లో పడటం, మళ్లీ మొదలుపెట్టడం.

ఒక చిక్కు మీకు తట్టి ఉండదు. రక్తం! కాలేజీలు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, రక్తదాన శిబిరాలు లేవు. బైపాస్‌కీ కవాటం ఆపరేషనుకీ రక్తం సిద్ధంగా ఉండాలి. డాక్టరు ఉన్నాడు, థియేటరు ఉంది, రక్తం సీసా లేక ఆపరేషన్ ఆగిన రోజులున్నాయి.

తిరిగి మొదలుపెట్టినప్పుడు ఎవరికి ముందు చేయాలి? ముందు పేరు రాయించుకున్నవారికా? అలా చేస్తే అన్యాయమవుతుంది. కూర్చున్నా నొప్పి వచ్చేవారు, ఎడమవైపు ప్రధాన రక్తనాళం మూసుకుపోతున్నవారు, కవాటం బాగా బిగుసుకుని కళ్లు తిరిగి పడిపోతున్నవారు ముందు. కొండెక్కితే తప్ప నొప్పి రానివారు తర్వాత. ఈ జాబితా కాగితం మీద చాలా తేలిక. కాని “మాకు ఫలానా తేదీ ఇచ్చారు కదండీ” అని సంచీ సర్దుకుని వచ్చిన మనిషికి “ఇంకా నెల ఆగండి” అని చెప్పడం ఎంత కష్టమో చెప్పినవారికే తెలుసు. పైగా నిరుడు ఆగగలిగిన మనిషి ఈ ఏడు ఆగగలడన్న నమ్మకం లేదు. గుండె జబ్బు క్యూలో నిలబడి ఉండదు. అది పెరుగుతూనే ఉంటుంది.

ఇంగ్లండులో గుండె వైద్యం కోసం ఎదురుచూసేవారు 2020 ఫిబ్రవరిలో సుమారు రెండు లక్షల ముప్ఫయి వేలమంది. 2023లో ఆ సంఖ్య నాలుగు లక్షలు దాటింది! మహమ్మారి సద్దుమణిగాక కూడా క్యూ పెరిగిందన్నమాట. మనకి అలాంటి ఒకే జాబితా లేదు. మన క్యూ ఇళ్లల్లో ఉంది. అప్పులపాలై ఆపరేషను మాట ఎత్తనివారు, ఆస్పత్రి కబురు రాక ఊరుకున్నవారు, “మళ్లీ పిలుస్తామన్నారు” అని నేటికీ ఎదురుచూస్తున్నవారు.

చీకటి రోజుల్లో కూడా ఒక మంచి పని జరిగింది. 2021 అక్టోబరులో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం వారు శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభించారు. పుట్టుకతో గుండెలో రంధ్రాలున్న పిల్లలకి వయసు దాటకముందే ఆపరేషన్ జరగాలి. ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరిగిపోయి, ఆ తర్వాత ఆపరేషన్ చేసినా ప్రయోజనం ఉండదు. మీ పిల్లవాడికి 2020లో వాయిదా పడిన ఆపరేషను ఇంకా జరగకపోతే, దయచేసి ఈ నెలలోనే తీసుకువెళ్లండి.

చడీచప్పుడు లేని వైద్యం

ఇక మూడో భాగం. అంబులెన్సు మోగదు, థియేటరు ఎర్రదీపం వెలగదు. బి.పి. చూడటం, షుగరు చూడటం, మాత్ర మార్చడం. అంతే! కాని ఎక్కువ ప్రాణాలు నిలబెట్టేది ఇదే. 2020 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 155 దేశాలను అడిగితే, రక్తపోటు వైద్యం కుంటుపడిందని సగానికి పైగా దేశాలు, నూటికి 53, చెప్పాయి. గుండె జబ్బుల అత్యవసర వైద్యం దెబ్బతిన్నదన్నవి నూటికి 31.

ఒక ఉదాహరణ చెబుతాను. కీళ్లవాతం వల్ల గుండె కవాటం పాడైన ఒక ఆడపిల్లకి లోహపు కవాటం అమర్చారు. పెళ్లయి ఒక బిడ్డ. లోహపు కవాటం ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. ఆ మాత్ర ఎక్కువైతే రక్తస్రావం, తక్కువైతే కవాటం మీద గడ్డ. అందుకే నెలకోసారి రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూడాలి. ఆమె ఊరికి బస్సులు ఆగాయి. పరీక్ష చేసే లాబ్ ముప్ఫయి కిలోమీటర్ల దూరం. అయిదు నెలలు పరీక్ష లేదు. మాత్రలు పొదుపుగా రోజు విడిచి రోజు వేసుకుంది. ఒకరోజు తెల్లవారుజామున ఊపిరాడక తీసుకొచ్చారు. టిక్కు టిక్కుమని వినిపించవలసిన కవాటం చప్పుడు చేయడం లేదు. గడ్డతో బిగుసుకుపోయింది. గడ్డ కరిగించే మందు పనిచేసింది, ఆమె బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్లింది. ప్రాణాంతకమైన ఆ ముప్పు ఒక చిన్న రక్తపరీక్షతో తప్పేది!

వదంతులు కూడా కొంత చెరుపు చేశాయి. రక్తపోటుకి వాడే కొన్ని రకాల మాత్రలు వేసుకుంటే కరోనా ముదురుతుందని 2020లో ఒక పుకారు లేచింది. ఎందరో మానేశారు. తర్వాత రోగుల మీద పరీక్షించి చూస్తే ఆ మాత్రలు కొనసాగించినవారికి అదనపు నష్టమేమీ కనిపించలేదు. పుకారు పోయింది. మాత్రలు మానేసినవారు మాత్రం కొందరు ఇంకా మానేసే ఉన్నారు.

భయం ఒక చోట, ప్రమాదం ఒక చోట

ఈ మధ్య నా దగ్గరకి పాతికేళ్ల కుర్రాళ్లు వస్తున్నారు. “కరోనా టీకా వేయించుకున్నానండీ, నా గుండె ఆగిపోతుందేమో చూడండి” అంటారు. ఎవరో డాన్సు చేస్తూ కుప్పకూలిన వీడియో చూసి నిద్రపోరు. భారత వైద్య పరిశోధన మండలి వారు 18 నుంచి 45 ఏళ్లవారిలో అకస్మాత్తుగా జరిగిన మరణాలను పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించారు. టీకా వల్ల ఆ ప్రమాదం పెరగలేదు. కరోనాతో ఆస్పత్రిలో చేరి ఉండటం, కుటుంబంలో అలాంటి మరణం జరిగి ఉండటం, ఒక్కసారిగా అతిగా మద్యం తాగడం, తీవ్రమైన శ్రమ – ఇవి ప్రమాదాన్ని పెంచాయి.

కరోనా జబ్బు మాత్రం గుండెకి మంచిది కాదు. అమెరికాలో కరోనా వచ్చి తగ్గిన 1,53,760 మంది మాజీ సైనికోద్యోగులను ఏడాదిపాటు గమనిస్తే, జబ్బు రానివారి కన్నా వారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె నీరసించడం ఎక్కువగా కనిపించాయి. జబ్బు ఎంత తీవ్రంగా వచ్చిందో ప్రమాదం అంత ఎక్కువ. అందుచేత కరోనాతో ఆస్పత్రిలో పడుకున్నవారు, ముఖ్యంగా షుగరు, బి.పి. కూడా ఉన్నవారు, ఒకసారి గుండె పరీక్ష చేయించుకోవడం మంచిది.

నాకు విచారం కలిగించేది ఏమిటంటే, ఏ జబ్బూ లేని కుర్రాడు మూడుసార్లు ఇ.సి.జి. తీయించుకుంటాడు. ఇంట్లో అరవయ్యేళ్ల తండ్రి, స్టెంటు వేయించుకున్న మనిషి, నాలుగేళ్లుగా డాక్టరు ముఖం చూడడు. ఆ కుర్రాడు తండ్రిని వెంటబెట్టుకు వస్తే నాకెంతో సంతోషం!

ఇప్పుడు మీరు చేయవలసినవి

1. ఇంట్లో ముప్ఫయి ఏళ్లు దాటిన ప్రతివారి బి.పి., షుగరు చూపించండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డబ్బు ఖర్చు లేకుండా చూస్తారు.

2. స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ అయినవారు మీ మందుల పట్టీ తీసుకుని డాక్టరును కలవండి. కొన్ని మందులు కొంతకాలానికే ఉంటాయి, కొన్ని జన్మంతా ఉంటాయి. ఏది ఏదో మీరు నిర్ణయించుకోకండి. గుండె వేగాన్ని తగ్గించే కొన్ని మాత్రలు ఒక్కసారిగా మానేస్తే నొప్పి తిరగబెడుతుంది.

3. లోహపు కవాటం ఉన్నవారు రక్తపరీక్ష డాక్టరు చెప్పిన వ్యవధిలో తప్పక చేయించుకోవాలి. తేదీ, ఫలితం ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి.

4. కీళ్లవాతం వల్ల గుండె దెబ్బతిన్న పిల్లలకి మూడు వారాలకోసారి ఇచ్చే పెన్సిలిన్ ఇంజక్షన్లు మధ్యలో ఆగిపోయి ఉంటే, “ఇప్పుడు బాగానే ఉన్నాడు గదా” అనుకోకుండా డాక్టరును అడిగి మళ్లీ మొదలుపెట్టించండి.

5. పేస్‌మేకర్ ఉన్నవారు బాటరీ తనిఖీ ఎన్నాళ్లయిందో చూసుకోండి. బాటరీ అయిపోయేదాకా ఆగకూడదు.

6. అప్పుడు వాయిదా పడిన ఆపరేషనుకి పాత రిపోర్టులు పనికిరావు. మళ్లీ పరీక్ష చేయిస్తే జబ్బు ఎంత పెరిగిందో తెలుస్తుంది. ఆరోగ్య పథకం కార్డు చెల్లుతుందో లేదో ముందే విచారించుకోండి.

7. ఫోనులో సలహా మంచిదే. మందు కొనసాగించడానికి, రిపోర్టు చూపించడానికి అది చాలు. కాని కాళ్ల వాపు, ఆయాసం, గుండె దడ కొత్తగా వస్తే ఫోను సరిపోదు. స్వయంగా వెళ్లి చూపించుకోవాలి.

మళ్లీ ఇలాంటిది వస్తే?

రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వరదలొచ్చి నాలుగు రోజులు రోడ్లు తెగినా ఇదే సమస్య. అందుకని గుండె జబ్బు ఉన్న ప్రతి ఇంట్లో నాలుగు ఏర్పాట్లుండాలి. నెలరోజులకి సరిపడా మందులు ఎప్పుడూ అదనంగా ఉండాలి. మందుల పేర్లు, పాత ఇ.సి.జి. ఫోనులో ఫొటో తీసి ఉంచాలి. బి.పి. చూసే చిన్న యంత్రం ఒకటి కొని వాడటం నేర్చుకోవాలి. నొప్పి వస్తే ఏ ఆస్పత్రికి, ఏ బండిలో, ఎవరు తీసుకుపోవాలో ఇంటిల్లిపాదీ ముందే మాట్లాడుకోవాలి.

ఛాతీ మధ్యలో బరువుగా, పిండేసినట్టు నొప్పి వచ్చి, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకి, చెమటలు పట్టి, పది పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే అది గుండెపోటే అనుకోండి. ఆడవారిలోను, షుగరు ఉన్నవారిలోను నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే ఉండవచ్చు. వెంటనే 108కి ఫోను చేయండి. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నవారు తప్ప మిగిలినవారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగవచ్చు. రోగిని నడిపించకండి. అతనిచేత బండి తోలించకండి.

బయట కర్ఫ్యూ ఉన్నా, అంటువ్యాధి ఉన్నా, అర్ధరాత్రయినా ఆగవద్దు. 2020 తర్వాత ఆస్పత్రులు ఒక పాఠం నేర్చుకున్నాయి. ఎంత పెద్ద మహమ్మారిలోనైనా గుండె రోగి గుమ్మం మూయకూడదని! ఆ గుమ్మం దాకా రావలసిన బాధ్యత మీది. వచ్చేటప్పుడు గాస్ నొప్పేమోనని సిగ్గుపడకండి. ఇ.సి.జి. తీసి, “ఏం లేదు, ఇంటికి వెళ్లి హాయిగా పడుకోండి” అని చెప్పడం మాకూ ఇష్టమైన పనే.